రెండు మూడు ఆరు: ఫైటింగ్ గేముల దిక్కుల లిపి

తెర మీద ఇద్దరు యోధులు తలపడే వీడియో గేములను, అంటే ఫైటింగ్ గేములను, ఆడేవారు ఒకరికొకరు రాసి పంపుకునే సూచనల్లో 236పి వంటి గుర్తులు అడుగడుగునా కనిపిస్తాయి. తెలియనివారికి అది ఏ బస్సు నంబరో, ఫ్లాటు నంబరో అనిపిస్తుంది. అది ఒక చేతి కదలిక. జాయ్‌స్టిక్‌ను మొదట కిందికి లాగాలి. వదలకుండా అక్కడి నుంచి ముందువైపు కింది మూలకు జార్చాలి. ఆ మూల నుంచి నేరుగా ముందుకు తేవాలి. అక్కడికి చేరీ చేరగానే పంచ్ బటన్ నొక్కాలి. అప్పుడు స్ట్రీట్ ఫైటర్ గేములోని ర్యూ అనే పాత్ర రెండు అరచేతులూ చాచి నీలి రంగు శక్తి గోళాన్ని విసురుతాడు. ఆ దెబ్బ పేరు హడోకెన్. నాలుగు వాక్యాలు పట్టిన పని మూడు అంకెల్లో, ఒక్క అక్షరంలో ఇమిడిపోయింది.

అంత చిన్నదిగా రాయగలగడం గొప్పే. అంతకన్నా గొప్ప గుణం మరొకటి ఈ రాతలో ఉంది. దీన్ని ఎవరూ రెండు వందల ముప్పై ఆరు అని చదవరు. రెండు, మూడు, ఆరు అని విడివిడిగా చదువుతారు. ఒకట్లు, పదులు, వందలు అనే స్థానాల లెక్క ఇక్కడ లేదు. ప్రతి అంకె ఒక చోటు పేరు. అంకెల వరుస ఆ చోట్ల గుండా వెళ్లే దారి. ఆ చోట్లు మనసులో ఒకసారి కుదురుకుంటే చాలు, ఆ తర్వాత చదవడం, చెయ్యి కదపడం వేరువేరు పనులుగా ఉండవు.

కంప్యూటర్ కీబోర్డుకు కుడి చివర ఉండే అంకెల గడి చూస్తే విషయం విడిపోతుంది. పై వరుసలో 7, 8, 9. మధ్య వరుసలో 4, 5, 6. కింది వరుసలో 1, 2, 3. నడుమ ఉన్న 5 అంటే జాయ్‌స్టిక్‌ను ఎటూ కదపకపోవడం. 8 పైకి, 2 కిందికి, 6 ముందుకు, 4 వెనక్కి. మిగిలిన నాలుగు అంకెలూ నాలుగు మూలలు. 236 కింది నుంచి ముందుకు తిరిగే పావు వృత్తం. 214 కింది నుంచి వెనక్కి తిరిగే పావు వృత్తం. 41236 వెనక నుంచి కిందుగా ముందుకు సాగే అర్ధవృత్తం. 623 వృత్తం కాదు: ముందుకు, కిందికి, తిరిగి ముందువైపు కింది మూలకు. ర్యూ పిడికిలి పైకెత్తి ఎగిరే షోర్యూకెన్ దెబ్బకు ఇదే దారి. అంకెల గడి మీద వేలు పెట్టి 6, 2, 3 వరుసగా తాకి చూస్తే ఆ వంకర దారి వేలికే తెలుస్తుంది.

ఈ అంకెలకు దిక్కుల అర్థం ఆటగాళ్లు కొత్తగా అంటగట్టినది కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డు మీద అంకెల గడిలోనే బాణాలు ఉండేవి: 8 కీ మీద పై బాణం, 2 మీద కింది బాణం, 4 మీద ఎడమ, 6 మీద కుడి. నమ్‌లాక్ తీసేస్తే ఆ కీలు దిక్కుల కీలుగా పని చేసేవి. పూర్తి సైజు కీబోర్డుల మీద ఆ బాణాలు ఇప్పటికీ ఉన్నాయి. కర్సర్‌ను నడపడానికి అచ్చువేసిన అర్థాన్ని ఆటగాళ్లు పోరాటానికి తీసుకున్నారు.

ఒక చిక్కు మాత్రం ఉంది. తెలుగు పాఠకుల్లో చాలామంది చేతిలో ఉన్నది ఫోను. ఫోను మీద అంకెలు తలకిందులుగా ఉంటాయి: పై వరుసలో 1, 2, 3, కింద 7, 8, 9. ఏటీఎం మీదా అంతే. ఫోను గడిని మనసులో పెట్టుకుని 236 చదివితే పైకి, పై మూలకు, ముందుకు అని అర్థం వస్తుంది. అలా కదిపితే ర్యూ గోళం విసరడు. పైకి గెంతి ప్రత్యర్థి దెబ్బకు దొరికిపోతాడు. ఈ తేడాకు కారణం పాతదే. అంకెల గడి కూడికల యంత్రాల నుంచి వచ్చింది. అమెరికాలో 1914 నాటి సండ్‌స్ట్రాండ్ పది కీల యంత్రంలోనే 7, 8, 9 పైన ఉన్నాయి. ఫోను గడి మరో దారిలో వచ్చింది. బెల్ సంస్థ ఇంజనీర్లు రకరకాల అమరికలను మనుషుల చేత నొక్కించి చూసి, 1, 2, 3 పైన ఉండే అమరికను ఎంచుకున్నారు. ఆ ఫోన్లు 1963లో వాడుకలోకి వచ్చాయి. చిన్న ల్యాప్‌టాప్‌లలో అంకెల గడి అసలే ఉండదు. అందుకే కొత్తవారికి ఈ లిపి నేర్పేటప్పుడు నియమాల కన్నా ముందు కాగితం మీద మూడు గళ్లు, మూడు వరుసలు గీసి చూపించడం మేలు.

తొమ్మిది అంకెలే ఎందుకు సరిపోయాయన్నది ఆసక్తికరమైన సంగతి. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల జాయ్‌స్టిక్ అడుగున నాలుగు చిన్న స్విచ్‌లు ఉంటాయి: పైకి ఒకటి, కిందికి ఒకటి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. మూలకు తోస్తే పక్కపక్కన ఉన్న రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుంటాయి. మూలకంటూ విడిగా స్విచ్ లేదు. అడ్డంగా చూస్తే మూడు స్థితులు: ఎడమ, ఏదీ లేదు, కుడి. నిలువుగా చూస్తే మరో మూడు: పైకి, ఏదీ లేదు, కిందికి. మూడు మూళ్లు తొమ్మిది. అంటే జాయ్‌స్టిక్ చెప్పగలిగినదంతా సరిగ్గా తొమ్మిది గళ్లలో పడుతుంది, అంకెల గడిలో ఉన్నవీ ఆ తొమ్మిది గళ్లే. ఇంత చక్కగా కుదిరిన జోడీ లిపుల్లో అరుదు. ఇంకో అందం కూడా ఉంది. ఎదురెదురు దిక్కుల అంకెలు కలిపితే ఎప్పుడూ పదే వస్తుంది: 4కు 6, 2కు 8, 1కి 9, 3కు 7. నడుమ ఉన్న 5కు ఎదురు 5.

జాయ్‌స్టిక్ లేకుండా అన్నీ బటన్లే ఉండే కంట్రోలర్లు వచ్చాక ఈ లిపి అసలు ఏమి రాస్తుందో ఇంకా స్పష్టమైంది. అలాంటి కంట్రోలర్ మీద 236 కొట్టాలంటే వాడేది రెండు బటన్లే. ఒక వేలితో కింది బటన్ నొక్కాలి: 2. దాన్ని వదలకుండా రెండో వేలితో ముందు బటన్ నొక్కాలి: 3. ఇప్పుడు మొదటి వేలు ఎత్తేయాలి: 6. మూడో అంకె వచ్చింది దేన్నో నొక్కడం వల్ల కాదు, వేలు ఎత్తడం వల్ల. వేళ్లు ఏమి చేశాయో ఈ రాతకు పట్టదు. యంత్రానికి ఏ స్థితి అందిందో దాన్నే రాస్తుంది. అందుకే ఒకే 236 బొటనవేలితో ఆడేవారికీ, జాయ్‌స్టిక్ పట్టేవారికీ, బటన్ల మీద ఆడేవారికీ సరిపోతుంది. ఆ కంట్రోలర్లు తెచ్చిన కొత్త తలనొప్పి కూడా ఈ గడిలోనే కనిపిస్తుంది. జాయ్‌స్టిక్‌ను ఒకేసారి ఎడమకూ కుడికీ తోయలేము. బటన్లను మాత్రం రెండు వేళ్లతో కలిపి నొక్కవచ్చు. ఆ స్థితికి తొమ్మిది గళ్లలో చోటు లేదు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 5 అవుతాయని చెప్పడం ఒక పరిష్కారం. టోర్నమెంట్లు దీనికోసం ప్రత్యేకంగా నియమాలు రాసుకోవలసి వచ్చింది.

ఇంతవరకు కుడి అనకుండా ముందు అనడానికి కారణం ఉంది. ఈ లిపి అంతా పాత్ర ఎడమ వైపు నిలబడి కుడి వైపు చూస్తోందన్న ఒప్పందం మీద నడుస్తుంది. ఇద్దరూ ఒకరి మీదుగా ఒకరు గెంతి చోట్లు మారితే, రాతలో 236 అలాగే ఉంటుంది కానీ చెయ్యి మాత్రం అద్దంలో బొమ్మలా తిరగాలి. జాయ్‌స్టిక్ కిందికి, కింది ఎడమ మూలకు, ఎడమకు వెళుతుంది. 2, 5, 8 మారవు. 1కి 3, 4కి 6, 7కి 9 చోటు మార్చుకుంటాయి. కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఒక వైపు నుంచి కళ్లు మూసుకుని కొట్టగలిగిన దెబ్బ రెండో వైపు నుంచి చేతికి రాదు.

తెలుగులో ఎనిమిది దిక్కులకూ విడివిడి పేర్లున్నాయి. ఇంగ్లిషులో రెండు మాటలు అతికించి చెప్పే మూలలకు మనకు ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని ఒక్కొక్క మాట చాలు. పైన ఉత్తరం ఉండే పటంలా చూస్తే హడోకెన్ దక్షిణం, ఆగ్నేయం, తూర్పు అవుతుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అది పనికిరాదు. ఆగ్నేయం ఎవరు ఎటు తిరిగినా ఆగ్నేయమే. ఇంటి యజమాని ఇటు చూసినంత మాత్రాన వంటగది నైరుతికి జరగదు. ఫైటింగ్ గేముకు కావలసింది ప్రత్యర్థిని బట్టి మారే దిక్కు. దానికి దగ్గరి పోలిక వాస్తులో కన్నా కర్ణాటక సంగీతంలో దొరుకుతుంది. స రి గ మ అని రాసిన స్వరాలు ఏ శ్రుతిలో పాడాలో చెప్పవు. పాడేవారు తమ గొంతుకు తగిన ఆధార షడ్జం ఎంచుకుంటారు. మిగిలిన స్వరాలన్నీ దాన్ని బట్టి స్థిరపడతాయి. రాత ఒకటే, పలికే ఎత్తు వేరు. 6 కూడా అలాంటిదే: ప్రత్యర్థి ఎటు నిలబడితే అటు.

అంకెలకు ముందు వాడుకలో ఉన్నవి బాణాలు. ఆర్కేడ్ యంత్రాల మీద, గేముతో వచ్చే చిన్న పుస్తకాల్లో, పత్రికల్లో ↓↘→ అని వేసేవారు. కంటికి అంతకన్నా తేలికైనది లేదు. గేముల లోపల దెబ్బల పట్టికలు ఇప్పటికీ ఎక్కువగా బాణాలతోనే ఉంటాయి. చిక్కు వచ్చింది ఆటగాళ్లు తామే టైపు చేసుకోవలసి వచ్చినప్పుడు. కంప్యూటర్లలో ఇంగ్లిషు రాతకు వాడే ఆస్కీ అనే అక్షర ప్రమాణంలో బాణాలే లేవు. జపాన్‌లో 1978లో రూపొంది, ఎన్నో ఏళ్లు కంప్యూటర్లను నడిపిన అక్షర ప్రమాణంలో నాలుగు బాణాలున్నాయి కానీ మూల బాణాలు లేవు. ↓ ఉంది, → ఉంది, రెంటి నడుమ రావలసిన ↘ లేదు. హడోకెన్‌కు నడుము విరిగిపోయింది. ఎదురుగా కీబోర్డు మీద తొమ్మిది దిక్కుల గడి సిద్ధంగా ఉండగా జపాన్ ఆటగాళ్ల రాతలు అంకెల వైపు మళ్లడంలో వింత లేదు. అన్ని భాషల లిపులకూ చోటిచ్చే యూనికోడ్ ప్రమాణంలో మూల బాణాలు ఉన్నాయి. అయినా టైపు చేయడానికి, వెతకడానికి అంకెలే సులువు.

ఇంగ్లిషు ఆటగాళ్లు మరో దారి తొక్కారు. పావు వృత్తం ముందుకు అనే మాటల మొదటి అక్షరాలు కలిపి క్యూసీఎఫ్ అన్నారు, వెనక్కి అయితే క్యూసీబీ, అర్ధవృత్తానికి హెచ్‌సీఎఫ్. షోర్యూకెన్ కదలికకు డ్రాగన్ పంచ్ అన్న పేరుతో డీపీ. పలకడానికి ఇవి బాగుంటాయి, వ్యాఖ్యాతల నోట ఇప్పటికీ ఇవే వినిపిస్తాయి. కానీ పేర్లకు ఒక పరిమితి ఉంది: పేరు పెట్టని కదలికను రాయలేవు. పైగా అయోమయం కూడా కలిగిస్తాయి. స్ట్రీట్ ఫైటర్ 2లో మధ్యస్థాయి కిక్‌కు ఇంగ్లిషులో వాడిన పేరు ఫార్వర్డ్. కింద కూర్చుని ఆ కిక్ కొట్టమని రాస్తే కిందికి, ముందుకు అని చదివేవారు ఉంటారు. అంకెల్లో 2 రాసి పక్కన కిక్ గుర్తు పెడితే ఆ సందేహానికి తావే లేదు.

ఎస్‌ఎన్‌కే అనే జపాన్ సంస్థ తీసిన ఫేటల్ ఫ్యూరీ స్పెషల్ గేములో గీస్ హోవార్డ్ అనే పాత్రకు రేజింగ్ స్టార్మ్ అనే దెబ్బ ఉంది. దాని దారి 1632143. వెనకవైపు కింది మూలలో మొదలై, ఒక్కసారిగా ముందుకు దూకి, అక్కడి నుంచి కిందుగా వెనక్కి అర్ధవృత్తం తిరిగి, చివర ముందువైపు కింది మూలకు ఎగిరిపడాలి. ఆ మెలికల వల్ల ఇంగ్లిషు ఆటగాళ్లు దీన్ని ప్రెట్జెల్ అన్నారు. మనవారికి జంతికో, జిలేబీనో గుర్తుకు వస్తుంది. పేరు రుచిగా ఉంది కానీ ఆ పేరు వినగానే చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. 1632143 చదివితే తెలుస్తుంది.

అంకెల వాడుక ఇంగ్లిషు ఆటగాళ్లలోకి ప్రవహించిన పెద్ద కాలువ ఆర్క్ సిస్టమ్ వర్క్స్ అనే జపాన్ సంస్థ గేములు. 1998లో మొదలైన గిల్టీ గేర్, ఆ తర్వాతి బ్లేజ్‌బ్లూ వంటివి జపాన్ యానిమే బొమ్మల తీరులో ఉండడం వల్ల ఈ రాతకే యానిమే నొటేషన్ అని పేరు పడింది. ఆ గేముల్లో అంకెలు దారులు చెప్పడంతో ఆగలేదు. నిలబడి కిక్ కొడితే 5కె, కూర్చుని కొడితే 2కె, ముందుకు తోస్తూ పంచ్ కొడితే 6పి. గిల్టీ గేర్‌లో 6పి గాలిలో నుంచి దిగేవాణ్ని కొట్టడానికి పెట్టింది పేరు. ఆటగాళ్లు సిక్స్ పి అంటూ దాన్ని ఒక మామూలు నామవాచకంలా వాడేస్తారు. దారి రాయడానికి పుట్టిన గుర్తు కాస్తా దెబ్బకే పేరైంది.

టెక్కెన్ దగ్గర ఈ లిపి గోడకు తగిలింది. 1994లో వచ్చిన ఆ గేములో నాలుగు బటన్లు నాలుగు అవయవాలు: ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. ఇంగ్లిషు ఆటగాళ్లు వాటికే 1, 2, 3, 4 అని పేర్లు పెట్టుకున్నారు. అంకెలు బటన్లకు పోయాయి కనుక దిక్కులకు అక్షరాలు మిగిలాయి: ముందుకు ఎఫ్, వెనక్కి బి, కిందికి డి, ముందువైపు కింది మూలకు డీఎఫ్. చిన్న అక్షరం రాస్తే తట్టి వదలడం, పెద్ద అక్షరం రాస్తే పట్టి ఉంచడం. ఒక ఆట నుంచి మరో ఆటకు మారే మనిషికి ఇది కఠిన పరీక్ష: అక్కడ 2 అంటే కూర్చోవడం, ఇక్కడ 2 అంటే కుడి పిడికిలి. రెంటినీ కలిపి ఒకే ప్రమాణం చేయాలన్న కోరిక సహజమే. కానీ టెక్కెన్ ఆటగాళ్ల తర్కంలో తప్పు లేదు. ఆ గేములో దెబ్బలు ఎక్కువగా 1, 1, 2 వంటి బటన్ల వరుసలు. ఎక్కువగా రాసేదానికే తక్కువ శ్రమ పట్టాలి. స్ట్రీట్ ఫైటర్‌లో మెలికలు దిక్కుల్లో ఉన్నాయి, టెక్కెన్‌లో బటన్లలో ఉన్నాయి. ఏ ఆట బరువు ఎక్కడుందో దాని లిపి అటు మొగ్గింది.

ఏ లిపికైనా రాయలేనిది ఒకటి ఉంటుంది. దీనికి కాలం కొరుకుడు పడదు. స్ట్రీట్ ఫైటర్ 2లో గైల్ విసిరే సోనిక్ బూమ్‌కు మొదట వెనక్కి పట్టి ఉంచి, తర్వాత ముందుకు తోసి పంచ్ కొట్టాలి. దాన్ని [4]6పి అని రాస్తారు. పట్టి ఉంచాలన్న సంగతి బ్రాకెట్ చెప్పింది, ఎంతసేపో చెప్పలేదు. ఆట సెకనుకు 60 ఫ్రేములుగా నడుస్తుంది, ఒక్కో దెబ్బ గెలుపోటములు రెండు మూడు ఫ్రేముల్లో తేలిపోతాయి. రాతలో ఆ గడియారం లేదు. 2004లో జరిగిన ఎవో అనే ఫైటింగ్ గేముల టోర్నమెంటులో దైగో ఉమెహారా, జస్టిన్ వాంగ్ ఆడిన ఆట దీనికి గొప్ప సాక్ష్యం. వాంగ్ ఆడిస్తున్న చున్-లీ వరుసగా 15 దెబ్బలు కొట్టే తన్నుల తుఫానుకు దిగింది. దైగో ఆడిస్తున్న కెన్‌కు ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. మామూలుగా కాచుకున్నా చావే. దైగో ప్రతి దెబ్బకూ సరిగ్గా ఆ క్షణాన ముందుకు తట్టి 15 దెబ్బలనూ తిప్పికొట్టి, ఆ రౌండు గెలిచాడు. కాచుకోవడం 4, తిప్పికొట్టడం 6. రాసి చూస్తే ఆ అద్భుతం అంతా వరుసగా కొన్ని 6లు. అంతకుమించి ఈ లిపికి కనిపించదు.

స్ట్రీట్ ఫైటర్‌లోని జాంగీఫ్ వంటి మల్లయోధులు ప్రత్యర్థిని పట్టి గిరగిర తిప్పి నేలకు కొట్టడానికి జాయ్‌స్టిక్‌ను పూర్తి చుట్టు తిప్పాలి. దాన్ని అంకెల దారిగా కాకుండా కోణం లెక్కలో 360 అని రాస్తారు, రెండు చుట్లయితే 720. దారి చెప్పే అంకెలకూ కోణం చెప్పే అంకెలకూ పొరపాటు పడే ప్రమాదం లేదా? లేదు. దిక్కుల గడిలో సున్నా లేదు కదా. 360 చివర సున్నా కనిపించగానే అది దారి కాదని తేలిపోతుంది.

ఇక 5 సంగతి. ముందుకు పరుగు తీయడానికి 66 అని రాస్తారు. జాయ్‌స్టిక్‌ను 6లోనే ఉంచేస్తే పాత్ర నడుస్తుందే తప్ప పరుగెత్తదు. ఒకసారి తట్టి, నడిమికి వదిలి, మళ్లీ తట్టాలి. నిజంగా జరిగేది 656. మధ్యలోని 5ను ఎవరూ రాయరు, అందరూ చేస్తారు. టెక్కెన్‌లో కజూయా కొట్టే ఎలక్ట్రిక్ పిడికిలికి ఆ మౌనం కుదరదు. ముందుకు తట్టి, నడిమికి వదిలి, కిందికి, చివర ముందువైపు కింది మూలకు చేరిన ఫ్రేములోనే కుడి పిడికిలి నొక్కాలి. నడిమికి వదలడాన్ని అక్కడ ఎన్ అనే అక్షరంతో విడిగా రాస్తారు. దిక్కులను అంకెల్లో రాసేవారు కూడా దీన్ని 6ఎన్23 అని రాస్తారు. వదిలేయడం కూడా కొట్టడంలో భాగమే అయిన చోట దాన్ని రాయక తప్పలేదు. కీబోర్డు అంకెల గడిలో చిన్న ఉబ్బు గీత ఉండేది 5 మీద ఒక్కదానికే. చూడకుండానే వేలు వెనక్కి వచ్చి ఆగాల్సిన చోటు అది.